ఫార్మలిన్‌కి ముందే: కప్పలు, పాముల నమూనాల గురించి ఒక ప్రసంగం

రికార్డింగు నుంచి రాసుకున్న పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? సరే. ఇవాళ నేను చెప్పేది ప్రధానంగా ఒకటే విషయం. వరస. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరస. ఒక కప్ప మన కంటబడిన దగ్గర్నుంచి నమూనాగా మ్యూజియం జాడీలోకి చేరేదాకా మనం చేసే ప్రతి పనీ దాంట్లోంచి ఏదో ఒక సమాచారాన్ని చెరిపేస్తూ పోతుంది. చేత్తో పట్టుకున్నారా, అది ఏం చేస్తూ ఉండిందో ఆ ప్రవర్తన ఆగిపోయింది. చంపారా, కూత పోయింది. ఫార్మలిన్‌లో, అంటే శరీరం కుళ్లకుండా బిగించే ద్రావణంలో వేశారా, డీఎన్ఏ దాదాపు పోయింది. ఆల్కహాల్‌లోకి మార్చారా, రంగు పోయింది. పోయేదాన్ని పోకముందే తీసుకోవాలి. ఇంతే. దీన్ని తలకిందులుగా చేస్తే తర్వాత ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా దిద్దలేం.

ఎవరికోసం ఇదంతా? కాలిఫోర్నియాలో బర్క్‌లీ వర్టిబ్రేట్ జువాలజీ మ్యూజియం 1908లో మొదలైంది. దాని తొలి డైరెక్టర్ జోసెఫ్ గ్రిన్నెల్. ఈ సేకరణకి అసలు విలువ చాలా ఏళ్లు గడిచాక, బహుశా నూరేళ్లకి తెలుస్తుందని ఆయన 1910లోనే రాశాడు. అది అతిశయోక్తి అనుకుంటున్నారా? కప్పలకి వచ్చే కైట్రిడ్ శీలింధ్రం సంగతి చూడండి. దానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1999లో. ఆ తర్వాత పరిశోధకులు మ్యూజియం జాడీలు తెరిచి పాత కప్పల చర్మాన్ని పలచగా కోసి మైక్రోస్కోపు కింద చూశారు. దక్షిణాఫ్రికాలో 1938లో పట్టిన గోళ్ల కప్ప ఒకదాని చర్మంలో ఆ శీలింధ్రం కనబడింది. 1938లో దాన్ని జాడీలో వేసినవాళ్లకి ఈ జబ్బు ఒకటుందనే తెలియదు కదా! వాళ్లు చేసిందల్లా సరిగ్గా భద్రపరచడం, తేదీ, చోటు రాయడం. 2011లో మరో బృందం మెక్సికో, గ్వాటెమాలా, కోస్టారికాల నుంచి వచ్చిన పాత నమూనాల చర్మాన్ని దూదిపుల్లతో తుడిచి, ఆ శీలింధ్రం ఏ దశకంలో ఎక్కడికి చేరిందో కాలక్రమం గీసింది. ఫార్మలిన్ పట్టిన నమూనాల నుంచే. కోస్టారికా బంగారు గోదురుకప్పని 1989 తర్వాత ఎవరూ చూడలేదు. ఇప్పుడు దాన్ని ఏ ప్రశ్న అడగాలన్నా జాడీల్లో ఉన్నవాటినే అడగాలి.

అయితే ఒక మాట. కనబడిన ప్రతి కప్పనీ జాడీలో వేయమని కాదు నా ఉద్దేశం. మన పనిలో పట్టుకున్న జీవుల్లో నూటికి తొంభైపైన తిరిగి అక్కడే వదలాల్సినవి. నమూనా ఎందుకు కావాలో ముందే రాసుకోవాలి, అనుమతి పత్రం ఉండాలి, ఎన్ని కావాలో లెక్క ఉండాలి. ఆ లెక్క ఎక్కడినుంచి వస్తుంది? జీవావరణ సర్వే నుంచి. అందుకే కాసేపు అడవిలోకి వెళ్దాం.

పిట్‌ఫాల్ ట్రాప్ అందరికీ తెలుసు. నేలలో బక్కెట్లు పాతి, మధ్యలో అడ్డుతెర కడతాం, తెర వెంట నడిచిన జీవి బక్కెట్టులో పడుతుంది. వినడానికి తేలిక, పాడవడానికి ఇంకా తేలిక. 20 లీటర్ల బక్కెట్టు, అంచు నేలమట్టానికి సమానంగా ఉండాలి. వేలెడు పైకి లేచినా చిన్న నలికిరి దాన్ని చుట్టి వెళ్లిపోతుంది. తెర నేలపైన అరమీటరు ఎత్తు, నేలలోపలికి పది సెంటీమీటర్లు. లోపలికి పాతకపోతే కిందనుంచి దూరిపోతాయి. బక్కెట్టుకీ బక్కెట్టుకీ ఏడెనిమిది మీటర్లు. అడుగున సన్నని రంధ్రాలు పెట్టాలి, లేకపోతే రాత్రి వాన పడితే పొద్దున్నకి బల్లులు చచ్చి తేలుతుంటాయి. మరి వాన లేనప్పుడో? కప్పలు ఎండిపోతాయి. అందుకని తడి స్పాంజి ఒకటి, నీడకి చిన్న చెక్కముక్క ఒకటి వేస్తాం. చీమల పుట్ట పక్కన మాత్రం ఎప్పుడూ పాతకండి, బక్కెట్టులో ఎముకలే మిగులుతాయి. రోజూ తెల్లవారగానే చూడాలి. చూడలేని రోజున మూత పెట్టాలి. మూత పెట్టకుండా ఇంటికి వెళ్లినవాడు సర్వే చేయడం లేదండీ, చంపుతున్నాడు.

ఇందులో పడనివేవి? చెట్టుకప్పలు, గోడబల్లులు ఎక్కి పోతాయి. పెద్ద పాములు పైకి లేచి పోతాయి, వాటికి తెరకి ఆనించి గరాటు ట్రాప్ కావాలి. అంటే ఏ పద్ధతికైనా దానికి కనబడనివి కొన్ని ఉంటాయి. ఇక్కడే చాలామంది జారిపోతారు. కనబడలేదు అంటే లేదు అని కాదు. ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక కుంటలో ఒక జాతి కప్ప ఉంది, ఒకసారి వెళ్తే అది కంటబడే అవకాశం 0.3 అనుకోండి. నాలుగుసార్లు వెళ్లినా ఒక్కసారీ కనబడకపోయే అవకాశం ఎంత? 0.7ని నాలుగుసార్లు హెచ్చించండి. 0.24. అంటే దాదాపు నాలుగింట ఒక వంతు! ఉన్నదాన్ని లేదని రాసేస్తారు. ఆ పొరపాటు అయిదు శాతం లోపు రావాలంటే తొమ్మిదిసార్లు వెళ్లాలి. అందుకే వెళ్లి ఏమీ దొరకని రాత్రిని కూడా నోటుబుక్కులో రాయండి. ఎంతసేపు వెతికారు, ఎంతమంది, వాన పడిందా, ఉష్ణోగ్రత ఎంత. ఖాళీ రాత్రులు రాయని నోటుబుక్కుతో ఈ లెక్క చేయలేం.

సంఖ్య అంచనా కూడా అంతే. మొదటిసారి 40 కప్పలకి గుర్తు పెట్టి వదిలారు. రెండోసారి 50 పట్టారు, వాటిలో గుర్తున్నవి 9. మామూలు నిష్పత్తి లెక్కలో, 40ని 50తో హెచ్చించి 9తో భాగిస్తే, 222 వస్తుంది. చిన్న సంఖ్యలు ఉన్నప్పుడు అది ఎక్కువ చూపిస్తుంది కాబట్టి చాప్‌మన్ సవరణ వాడతాం. మూడు అంకెలకీ ఒకటి కలిపి, 41ని 51తో హెచ్చించి, 10తో భాగించి, ఒకటి తీసేస్తే 208. సూత్రం సులువే. కానీ అది కొన్ని షరతుల మీద నిలబడింది. గుర్తు రాలిపోకూడదు, రెండు రాత్రుల మధ్య కుంటలోకి కొత్తవి రాకూడదు, ఉన్నవి పోకూడదు, ఒకసారి పట్టిన కప్ప రెండోసారి మనల్ని చూసి దాక్కోకూడదు. గుర్తుకోసం వేలి కొస కత్తిరించే పాత పద్ధతి సాలమాండర్లకి, అంటే బల్లిలా తోకుండే ఉభయచరాలకి పనికిరాదు, వాటికి వేలు మళ్లీ మొలుస్తుంది. పొట్టమీద మచ్చలుండే జాతులకి ఫొటో చాలు. నా ఓటు దానికే.

ఇంకోటి, చేతులు. ప్రతి కప్పకీ కొత్త గ్లౌజు, లేదా ఒక్కో కప్పని ఒక్కో కొత్త ప్లాస్టిక్ సంచిలో. ఒకే సంచిలో పది కప్పలు వేసి తెస్తే ఒకదాని శీలింధ్రం పదింటికీ అంటుతుంది, పైగా ఏది ఎక్కడ పట్టారో కలిసిపోతుంది. బూట్ల మట్టిని ముందు బ్రష్‌తో వదిలించి, ఆ తర్వాతే మందు ద్రావణంలో ముంచాలి. మట్టిమీద పోసిన బ్లీచు మట్టితోనే సరిపోతుంది, శీలింధ్రం దాకా చేరదు. ఆఖరున పూర్తిగా ఆరనివ్వాలి.

ఇప్పుడు అసలు వరసకి వద్దాం. కప్ప కూస్తోంది. వెంటనే చేయి చాపకండి. ముందు రికార్డు చేయండి. కుదించని వేవ్ ఫైలుగా. ఎంపీత్రీ వద్దు, అది మన చెవికి అక్కర్లేదనుకున్నదాన్ని కోసేస్తుంది. రికార్డు ఆగగానే గాలి ఉష్ణోగ్రత, నీళ్ల ఉష్ణోగ్రత రాయండి. ఎందుకు? కప్ప శీతరక్త జీవి, చలిగా ఉంటే కూత వేగం తగ్గుతుంది. ఉష్ణోగ్రత లేని రికార్డుని రేపు మరో రికార్డుతో పోల్చలేం. కూసిన ఆ కప్పనే పట్టుకోవాలి, పక్కదాన్ని కాదు. చీకట్లో ఈ తేడా ఎంత తేలిగ్గా జరిగిపోతుందో మీలో రాత్రి పని చేసినవాళ్లకి తెలుసు.

తర్వాత ఫొటో. వీపు, పొట్ట, పక్క, అరచేయి, అరికాలు, తొడల లోపలి రంగులు. పక్కన స్కేలు, రంగు సరిచూసుకోవడానికి బూడిదరంగు కార్డు. రంగు ఎందుకింత ముఖ్యం? ఆకుపచ్చ చెట్టుకప్పని ఆల్కహాల్‌లో పెడితే నీలంగా మారిపోతుంది. ఆ ఆకుపచ్చలో సగం పసుపు వర్ణకం పని. అది ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, మిగిలేది నీలం. జాడీలో నీలం కప్పని చూసి నీలం జాతి అని వర్ణించారంటే ఇక నవ్వులపాలే.

ఆ తర్వాత చర్మం స్వాబ్, అంటే దూదిపుల్లతో తుడవడం. పొట్ట, తొడలు, పాదాలు, వేళ్ల మధ్య. ఎన్నిసార్లు తుడిచామన్నది అన్ని కప్పలకీ ఒకేలా ఉండాలి. దాని తర్వాత కొలతలు. ముక్కు కొస నుంచి అవస్కరం (మలమూత్రాలు బయటికి వచ్చే రంధ్రం) దాకా పొడవు, తోక పొడవు విడిగా, బరువు. తోక తెగి మళ్లీ పెరిగిందా అన్నది తప్పనిసరిగా రాయాలి. బతికున్నప్పుడు కొలవడం ఎందుకంటే ఫార్మలిన్, ఆల్కహాల్ రెండూ శరీరాన్ని కుదిస్తాయి. జాడీలోంచి తీసి కొలిచినదాన్నీ బతికినదాన్ని కొలిచినదాన్నీ ఒకే పట్టికలో కలపకండి.

చోటు రాయడం గురించి ఒక నిమిషం. ఊరి పక్క వాగు అని రాస్తే అది చిరునామా కాదు. అక్షాంశం, రేఖాంశం దశాంశాల్లో, ఏ డేటమ్‌లో (ఆ అంకెలకి ఆధారమైన భూకొలత ప్రమాణంలో) తీశారో, ఎన్ని మీటర్ల తేడా ఉండొచ్చో. ఈ మూడూ. అయిదు దశాంశ స్థానాలంటే సుమారు ఒక మీటరు. మీ పరికరం పది మీటర్ల తేడా చూపిస్తుంటే ఏడు స్థానాలు రాయడం దేనికి? ఆ ఖచ్చితత్వం అబద్ధం. దాంతోపాటు మాటల్లో కూడా రాయండి. ఏ గట్టు, ఏ వంతెనకి ఎటువైపు, రోడ్డు దూరమా గీతదూరమా. అంకె ఒకటి తప్పు పడితే పట్టుకునేది ఆ మాటలే.

ఇక ప్రాణం తీయడం. దీన్ని తొందరగా దాటేయాలని ఉంటుంది, కానీ దాటకూడదు. కప్పలకి ఎంఎస్-222 అనే మత్తుమందు ద్రావణం వాడతాం, లీటరుకి 5 గ్రాములు. ఆ పొడి నీళ్లలో ఆమ్లం అవుతుంది, చర్మం మండుతుంది. అందుకని వంటసోడా కలిపి పీహెచ్ 7 దగ్గరికి తెచ్చాకే కప్పని దించాలి. చలనం ఆగగానే చచ్చిపోయిందనుకోకండి, తీసేస్తే కోలుకునే కప్పలున్నాయి. గంటదాకా ఉంచాలి, తర్వాత నిర్ధారించుకోవాలి. బల్లులు, పాముల చర్మం ఇలా పీల్చుకోదు. వాటికి రెండు ఇంజెక్షన్లు. మొదటిది సోడాతో సరిచేసిన ఒక శాతం ద్రావణం, స్పృహ పూర్తిగా పోయాక రెండోది సోడా కలపని 50 శాతం ద్రావణం. మత్తు లేకుండా బతికున్నదాన్ని ఫ్రీజర్‌లో పెట్టే పాత అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. అది మానేయాలి.

ఇప్పుడు కణజాలం. ఫార్మలిన్ సీసా మూత తీయకముందే. కాలేయం ముక్క, తొడకండరం ముక్క, బియ్యపుగింజంత. పెద్ద ముక్క వేస్తే ఆల్కహాల్ లోపలిదాకా చేరేలోపే మధ్యలో కుళ్లుతుంది. ఆ ఆల్కహాల్ 95 శాతం ఇథనాల్, ముక్కకి కనీసం పదింతలు. ఒక రోజయ్యాక ఆ ఇథనాల్ పారబోసి కొత్తది పోయాలి, ముక్కలోని నీరు దాన్ని పలచన చేసేసి ఉంటుంది. ఆర్ఎన్ఏ కావాలంటే ద్రవ నత్రజని మేలు, మైనస్ 196 డిగ్రీలు. కత్తెర, ఫోర్సెప్స్ ఒక్కో జీవికీ మధ్య మంటలో కాల్చాలి. కోత పక్కభాగంలో చిన్నదిగా పెట్టండి. పాము పొట్టపలకలు, అంటే పొట్టకింది వెడల్పాటి పొలుసులు లెక్కపెట్టాల్సిన చోట కోస్తే రేపు లెక్కపెట్టేవాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. ఇదంతా ముందే ఎందుకు? ఫార్మలిన్ ప్రోటీన్లనీ డీఎన్ఏనీ ఒకదానికొకటి ముడివేసి, డీఎన్ఏని ముక్కలు చేస్తుంది. అలాంటి నమూనాల నుంచి కూడా ఈమధ్య కొంత రాబడుతున్నారు, నిజమే. కానీ అది గతిలేక చేసే పని.

ఫార్మలిన్ కలపడం. దుకాణంలో దొరికేది సుమారు 37 శాతం ఫార్మాల్డిహైడ్. దాన్ని ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు. దీన్నే పది శాతం ఫార్మలిన్ అంటున్నాం. అందులో ఫార్మాల్డిహైడ్ దాదాపు 4 శాతమే, ఈ రెండు అంకెలూ కలిపేసుకుని కొందరు రెండున్నర రెట్లకు పైగా చిక్కగా చేస్తారు. లీటరుకి 4 గ్రాముల మోనోసోడియం ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం ఫాస్ఫేట్ వేయాలి. వేయకపోతే? కాలం గడిచేకొద్దీ ఫార్మిక్ ఆమ్లం పుట్టి ఎముకల్లోని కాల్షియాన్ని కరిగిస్తుంది. పదేళ్ల తర్వాత సీటీ స్కాన్ తీస్తే ఎముక ఉండాల్సిన చోట నీడ కనబడుతుంది. ఇక ఇది క్యాన్సర్ కలిగించే పదార్థం. నైట్రైల్ గ్లౌజులు, కళ్లద్దాలు, గాలి ఆడే చోటు. గుడారంలో పెట్టుకుని చేయకండి.

పైపైన ముంచితే చాలదు, లోపలికి ఎక్కించాలి. ఫార్మలిన్ చర్మం దాటి లోపలికి పోయేలోపు పేగులు కుళ్లుతాయి. ఛాతీ, పొట్ట, తొడలు, తోక మొదలు. పాముకైతే కొన్ని సెంటీమీటర్లకి ఒకసారి పొట్టవైపు నుంచి. అతిగా ఎక్కించి బెలూన్‌లా ఉబ్బించకండి, ఆకారం అలాగే బిగుసుకుపోతుంది. మగ పాము, మగ బల్లి అయితే జననాంగాన్ని బయటికి తీసి బిగించడం ఇప్పుడే, తర్వాత కుదరదు. ట్రేలో ఫార్మలిన్‌తో తడిపిన కాగితం పరిచి, కప్ప కాళ్లు మడిచి, వేళ్లు విడదీసి పెట్టండి. వేళ్ల మధ్య పొర ఎంతవరకు ఉందన్నది గుర్తింపుకి కీలకం, పిడికిలి బిగిసిన కప్పలో అది కనబడదు. పాముని జాడీ వెడల్పుకి తగ్గట్టు చుట్ట చుట్టాలి. నిటారుగా బిగిసిన పాముకి జాడీ ఎక్కడ తెస్తారు? మూత పెట్టి, బిగుసుకున్నాక పూర్తిగా మునిగేలా ఫార్మలిన్ పోసి, చిన్నవాటికి ఒకట్రెండు రోజులు, లావుపాటి వాటికి వారందాకా.

ట్యాగు ఈ దశకి ముందే కట్టేసి ఉండాలి. మోకాలికి పైన, నూలుదారంతో. నూరుశాతం నూలు కాగితం, నీటికీ ఆల్కహాల్‌కీ చెక్కుచెదరని పిగ్మెంట్ ఇంకు. బాల్‌పెన్ను ఆల్కహాల్‌లో మాయమవుతుంది. ఏదీ లేకపోతే పెన్సిలు, అది భేషుగ్గా నిలుస్తుంది. ఒకసారి వాడిన నంబరు మళ్లీ వాడకూడదు, ఆ నమూనా పారేసినా సరే.

తర్వాత నీళ్లు. ఒకట్రెండు రోజులు, మారుస్తూ. ఆ పైన ఇథనాల్ 35, 50, 70, మెట్టుమెట్టుగా. నేరుగా 70లో వేస్తే పలచటి చర్మం ముడతలు పడుతుంది. 95 శాతం నుంచి 70 చేయడం ఎలా? 95ది 700 మిల్లీలీటర్లు తీసుకుని, నీళ్లతో 950 దాకా నింపండి. టాడ్‌పోల్స్, అంటే తోకతో నీళ్లలో ఉండే కప్పపిల్లలు మాత్రం ఇథనాల్‌కి రావు. అవి ఫార్మలిన్‌లోనే ఉండాలి, ఆల్కహాల్‌లో ముడుచుకుపోయి నోటి దంతపంక్తులు చూడలేం. వాటి ఎదుగుదల దశని గోస్నర్ పట్టిక ప్రకారం రాస్తాం, అందులో 46 దశలు. గుర్తింపు ఖాయం కావాలంటే అదే గుంపులో కొన్నిటిని కప్పలయ్యేదాకా పెంచాలి, లేదా తోక కొస నుంచి డీఎన్ఏ తీయాలి.

జాడీలోకి చేరాక పని అయిపోయిందనుకుంటారు. అప్పుడే మ్యూజియం పని మొదలవుతుంది. జాడీ మూతలోంచి ఆవిరి పోతూనే ఉంటుంది. నీటికంటే ఆల్కహాల్ ముందు పోతుంది. సగం తగ్గిన జాడీలో మిగిలింది 70 శాతం కాదు, అంతకంటే తక్కువ. దాని మీద 70 పోస్తే 70 అవుతుందా? కాదు. ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటరుతో కొలవాలి. 20 డిగ్రీల దగ్గర 70 శాతం ఇథనాల్ సాంద్రత 0.885 చుట్టూ ఉంటుంది, 50 శాతానిది 0.93. యాభైకి దిగిందంటే బూజుకీ కుళ్లుకీ దారి తెరుచుకున్నట్టే. ఇనుప మూతలు తుప్పుపడతాయి, బేకలైట్ మూతలు పగులుతాయి. లోపల పాలిథిలీన్ లైనర్ ఉన్న పాలీప్రొపిలీన్ మూతలు మేలు. జాడీలో సగానికి మించి జీవులు కుక్కకండి.

గదిలో చీకటి, చల్లదనం. చల్లదనం నమూనా కోసమే కాదు. 70 శాతం ఇథనాల్ ఆవిరి సుమారు 17 డిగ్రీల నుంచే నిప్పు అందుకోగలదు. 2010 మే నెలలో బ్రెజిల్‌లో బుటాంటన్ సంస్థ సేకరణ కాలిపోయింది. 70 వేలకు పైగా పాములు, ప్రపంచంలోనే అతిపెద్ద పాముల సేకరణల్లో ఒకటి. ఇవాళ మీ గదిలో పొగ పసిగట్టే పరికరం పనిచేస్తోందా లేదా అన్నది నమూనాల నాణ్యత కంటే ముందు అడగాల్సిన ప్రశ్న. జాతిని మొదట వర్ణించడానికి ఆధారమైన నమూనాలని, అంటే హోలోటైపులని వేరే గదిలో, వేరే బీరువాలో పెట్టడం ఇందుకే.

పేర్లు మారుతుంటాయి. ఒకప్పుడు బ్యూఫో మరైనస్ అన్న కేన్ టోడ్ అనే గోదురుకప్ప ఇప్పుడు రైనెల్లా మరైనా. పేరు మారినప్పుడు కొత్త లేబుల్ వేయండి, ఎవరు ఎప్పుడు నిర్ణయించారో రాసి. పాతది తీసేయకండి. పాత చేతిరాత, పాత ఇంకు, పాత ఊరి పేరు, ఇవన్నీ సాక్ష్యమే. నీట్‌గా ఉంటుందని పాత లేబుళ్లు పారేసే ఉత్సాహవంతుల్ని నేను సేకరణ గదిలోకి రానివ్వను, సరదాకి చెప్పడం లేదు.

నమూనాని అరువుకి పంపేటప్పుడు జాడీతో పంపరు. ఇథనాల్‌తో తడిపిన పలచటి గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టి వేడితో సీలు వేస్తారు, ఒకదాని మీద ఒకటి. విమాన రవాణాలో ఐఏటీఏ (అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం) ఏ180 నిబంధన వర్తించాలంటే సంచిలో విడిగా ఉన్న ద్రవం 30 మిల్లీలీటర్లు దాటకూడదు, మొత్తం పెట్టెలో లీటరు దాటకూడదు. సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) జాబితాలో ఉన్న జాతులైతే రెండు సంస్థలూ నమోదై ఉన్నాయా అన్నది పెట్టె కట్టకముందే చూసుకోండి, కస్టమ్స్‌లో ఆగాక కాదు.

ముందు వరసలో ఎవరో అడిగారు, జాడీ పూర్తిగా ఎండిపోతే ఏం చేయాలి అని. పారేయకండి. ముందు లోపలి లేబుల్‌ని ఫొటో తీయండి, తడిపితే అక్షరాలు పోవచ్చు. తర్వాత 0.5 శాతం ట్రైసోడియం ఫాస్ఫేట్ ద్రావణంలో నానబెట్టి, గంటగంటకీ చూస్తూ ఉండాలి, మెత్తబడగానే తీసేయాలి. ఎక్కువసేపు ఉంచితే చర్మం ఊడిపోతుంది. నీళ్లలో కడిగి, మళ్లీ 35 నుంచి మెట్టుమెట్టుగా 70కి. ఏ తేదీన ఎండి దొరికింది, దేనితో నానబెట్టారు అన్నది కొత్త లేబుల్ మీదా డేటాబేస్‌లోనూ రాయండి. దాని కొలతల్ని మాత్రం ఆ తర్వాత ఏ పట్టికలోనూ వాడకండి.